గంగులుకు చెప్పులు లేవు

అనగనగా. ఎంత అనగనగా అని అడగకండి పిల్లలూ. రాజులు ఇంకా కిరీటాలు పెట్టుకుంటున్న కాలం. పడవలకు ఇంజన్లు వచ్చేసిన కాలం. రొయ్యలకు ఇంకా మాటలు పోని కాలం. ఆ మూడూ కలిసిన కాలం ఒకటి ఉండేది.

ఆ కాలంలో ముత్యాలరేవు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక అద్దె పడవ. ఆ పడవకు సరంగు నూకరత్నం. అంటే, చుక్కాని పట్టి పడవ నడిపేది ఆవిడే. ఆవిడ మొగుడు గంగులు.

కలిగినవాళ్ళు సరదాకి ఆ పడవ మాట్లాడుకునేవారు. వీపుకు గాలి బుడ్డి కట్టుకుని, మూతికి గొట్టం పెట్టుకుని, సముద్రం అడుక్కి దిగేవారు. అక్కడ బండల సందుల్లో రాతిరొయ్యలుంటాయి. మనం కూర వండుకునే చిన్న రొయ్యలు కావమ్మా అవి. మూరెడు పొడుగు, ఒంటినిండా ముళ్ళు, కొరడాల్లాంటి మీసాలు. వాటిని చేత్తో పట్టుకోవడం ఒక ఆట. ఒక్కటి పట్టి పైకొచ్చినా చాలు, ఆ పూటంతా ఆ మనిషి నేల మీద నడిచేవాడు కాదు.

ఆ పడవ మీద ఒక ఆచారం ఉండేది. ఎంతటివారైనా పడవెక్కగానే చెప్పులు విప్పి అంచు పలక మీద వరసగా పెట్టాలి. నీళ్ళలోంచి పైకి రాగానే ముందు చెప్పులు తొడుక్కోవాలి, ఆ తరవాతే తల తుడుచుకోవాలి. పలక మీద ఒక్క జత మిగిలిందా, ఒక మనిషి ఇంకా కింద ఉన్నట్టు. పడవ కదలదు.

మరి గంగులో? పుట్టి బుద్ధెరిగాక చెప్పులు తొడిగినవాడు కాదు.

"సంతలో ఒక జత కొంటాను మావా," అనేది నూకరత్నం.

"చేపకి గొడుగు కూడా కొంటావేటే?" అని నవ్వేవాడు.

అందరికన్నా ముందు దిగేది గంగులే. అడుగున బండకు దారితాడు కట్టేవాడు, అతిథులు ఆ తాడు పట్టుకుని దిగడానికి. అందరికన్నా చివర ఎక్కేదీ గంగులే, ఆ తాడు విప్పుకుని రావాలి కదా. పైకొచ్చాక లంగరు లాగేవాడు. లంగరు లేచిందంటే గంగులు ఎక్కినట్టే. అతిథుల లెక్క చెప్పులది, గంగులు లెక్క లంగరుది. ఆ రెండు లెక్కలూ ఏనాడూ తప్పలేదు.

అతనికి ఇంకో పని కూడా ఉంది. బుట్టలో పడిన ప్రతి రొయ్యనూ తిరగేసి పొట్ట కింద చూసేవాడు. గుడ్లు కనిపిస్తే, నారింజ రంగు రవ్వ అంటించినట్టుంటాయవి, ఆ తల్లిని మళ్ళీ సముద్రంలో వదిలేసేవాడు. ఎవరు బతిమాలినా వినేవాడు కాదు.

ఒకనాడు ఆ దేశపు రాజుగారికే రొయ్యల వేట మీద మనసయింది. వెంట ఆయన బావమరిది బుల్లిరాజు వచ్చాడు, షావుకారు కనకలింగం వచ్చాడు. రాజుగారివి జరీ చెప్పులు. బుల్లిరాజువి ఎర్ర తోలు చెప్పులు. షావుకారువి కొత్త కిర్రు చెప్పులు. మూడు జతలూ పలక మీద కూర్చున్నాయి.

పడవ ఏనుగుబండ దగ్గర ఆగింది. సముద్రం పాటున ఉండి నీళ్ళు తగ్గినప్పుడు ఆ బండ వీపు నీళ్ళ పైకి తేలుతుంది, అచ్చం ఏనుగు స్నానం చేస్తున్నట్టు. పోటు వచ్చిందంటే ఏనుగూ ఉండదు, వీపూ ఉండదు, అంతా నీళ్ళే.

నూకరత్నం తూర్పుకేసి చూసింది. అక్కడ ఒక మబ్బు, అట్ల పెనమంత.

"మావా, తొందరగా తెమిలిపో. ఆ మబ్బు నాకు నచ్చలేదు."

"నీకెప్పుడు నచ్చిందే మబ్బు?" అన్నాడు గంగులు. గంగమ్మకు దణ్ణం పెట్టి నీళ్ళలో దూకాడు.

కింద ఏం జరిగిందో మనకెందుకు? పైన నూకరత్నానికి కనిపించేవి బుడగలే. ఇక్కడ కొన్ని, అక్కడ కొన్ని. ఏ బుడగ ఎవరిదో ఏం తెలుస్తుంది? మబ్బు మాత్రం చాపంత అయింది.

ముందు బుల్లిరాజు వచ్చాడు, ఉత్త చేతులతో. తరవాత రాజుగారు వచ్చారు, ఒక రొయ్యతో. చివర షావుకారు వచ్చాడు, అందరికన్నా పెద్ద రొయ్యతో.

"చూశారా ప్రభూ! నా పిడికిట్లో పడిందంటే ఇక పోవడమా?" అని బుట్టలో పడేశాడు.

అప్పుడే గాలి తిరిగింది. పడవ ఊగింది. మబ్బు సగం ఆకాశం మింగేసింది.

నూకరత్నం చుక్కాని వదల్లేదు. పలక కేసి చూసింది. జరీ చెప్పులు లేవు. ఎర్ర చెప్పులు లేవు. కిర్రు చెప్పులు షావుకారు కాళ్ళకి కిర్రుకిర్రుమంటున్నాయి. మూడూ సరిపోయాయి. అంతలో పడవ ముందు వైపు లంగరు తాడు గరగరా లేచింది. ఇంజను గది అడ్డం. లాగేదెవరో కనపడదు.

"షావుకారుగోరూ! మా మావ ఎక్కాడేటండీ?"

షావుకారు తల తుడుచుకుంటున్నాడు. తల తిప్పనైనా లేదు. "ఆఁ, ఎక్కాడెక్కాడు. పోనీవమ్మా, వాన మీదకొచ్చేసింది!"

ఇంజను టకటకమంది. పడవ ఒడ్డుకేసి పరిగెత్తింది. వాన మొదలైంది.

లెక్క సరిపోయింది కదా? అయినా నూకరత్నం గుండెలో ఏదో ముల్లు. పొయ్యి మీద పాలు మరిచి వచ్చినట్టు.

మంచినీళ్ళ కూజా కేసి చూసింది. గంగులు పైకి రాగానే ముందు ఉప్పు పోయేలా పుక్కిలిస్తాడు, సగం కూజా ఖాళీ చేస్తాడు. కూజా నిండుగా ఉంది. పడవ ఊగితే తొణుకుతోంది.

"మా మావ నీళ్ళు తాగలేదే," అంది.

"వానలో తడుస్తూ నీళ్ళెవడు తాగుతాడమ్మా?" అన్నాడు షావుకారు. అదీ నిజమే అనుకుంది.

గంగులు లంగరు తాడు చుడితే పాము చుట్ట చుట్టినంత ముద్దుగా ఉంటుంది. పడవ ఒరిగినప్పుడు ముందు నుంచి తాడు కొస ఒకటి జారి వచ్చింది. పీచుల్లా, చిక్కుచిక్కుగా.

"తాడేటి ఇలాగుంది?" అంది.

"ఈ ఊపులో తాడేం ఖర్మ, నా ప్రాణమే చిక్కుపడింది!" అన్నాడు షావుకారు. అదీ నిజమే అనుకుంది.

అప్పుడు కాళ్ళ దగ్గర బుట్టలోంచి కీచుమని ఒక గొంతు వినిపించింది.

"అమ్మా, అమ్మా! నన్ను తిరగేసి చూసేవాడేడమ్మా?"

షావుకారు పట్టిన పెద్ద రొయ్య అది. మీసాలు బుట్ట బయటికి చాచింది.

"మా అక్కను చూశాడు, వదిలేశాడు. మా పిన్నిని చూశాడు, వదిలేశాడు. నా పొట్ట కిందా గుడ్లున్నాయి. ఇంత దూరం వచ్చేశాను, ఆ చెయ్యి నన్నింకా తాకలేదు. ఆ చేతులవాడు ఈ పడవలో ఉన్నాడా అసలు?"

నూకరత్నం ముందు వైపుకు మెడ చాచింది. ఇంజను ఆపింది.

"మావా!" అని కేక పెట్టింది.

ముందు నుంచి బుల్లిరాజు తొంగి చూశాడు. "ఏమైందమ్మా?"

"లంగరు ఎవరు లాగారు బాబూ?"

"నేనే," అన్నాడు బుల్లిరాజు సంబరంగా. "ఒక్క రొయ్యా పట్టలేదు కదా, ఆ పనన్నా చేద్దామని. చేతులు బొబ్బలెక్కాయి చూడు!"

నూకరత్నానికి అర్థమైంది. గంగులు కింద ఉండిపోయాడు. తాడు విప్పుకుని పైకొచ్చి ఉంటాడు, పడవ లేదు. ఉంటే ఏనుగుబండ మీద నిలబడి ఉంటాడు. పోటు మొదలైంది. మోకాళ్ళ దాకా వచ్చి ఉంటుందా? నడుం దాకానా? ఆవిడ చుక్కాని తిప్పింది.

"ఎక్కడికి?" అని లేచాడు షావుకారు. "ప్రభువులున్న పడవ! తుపానులోకి తీసుకుపోతావా?"

"ఎక్కాడెక్కాడన్నారే! సూసే అన్నారా?"

షావుకారు మళ్ళీ కూలబడ్డాడు. "ఎక్కే ఉంటాడనుకున్నానమ్మా..."

రాజుగారు అలల కేసి చూశారు. ఆయన ముఖమూ తెల్లబోయే ఉంది. రాజులకూ భయమేస్తుంది పిల్లలూ, కిరీటం తడిస్తే మరీను. "సరంగూ," అన్నారు మెల్లగా, "ముందు ఒడ్డుకు పోయి, నాలుగు పెద్ద పడవలు పంపిద్దాం. నా మాట."

నూకరత్నం చేతులు జోడించింది. కానీ చుక్కానిని మోకాలితో అదిమే ఉంచింది, వదల్లేదు.

"మారాజా, పెద్ద పడవలొచ్చేసరికి బండ మునిగిపోద్ది. ఒక్క మాట చెప్పండి. ఆ పలక మీద మీ జరీ చెప్పులు మిగిలిపోయుంటే నేను కదిలేదాన్నా? ఈ షావుకారుగోరు కదలనిచ్చేవోరా? మా మావకి చెప్పుల్లేవు. అదే కదా ఆడు చేసిన తప్పు?"

రాజుగారు తన కాళ్ళకేసి చూసుకున్నారు.

"తిప్పు," అన్నారు.

పడవ వెనక్కి తిరిగింది. కానీ ఎక్కడికి పోవాలి? ఒడ్డు కనపడదు. కొండ గుర్తు కనపడదు. ఏనుగు వీపు ఈపాటికి నీళ్ళ కిందే. "మావా! మావోయ్!" అని పిలిచింది. గాలి ఆ పిలుపును నోటి దగ్గరే తుంచేసింది.

"అమ్మా," అంది రొయ్య, "నా బొరియ ఆ బండ కిందే. కళ్ళు మూసుకున్నా నేను ఇంటికి పోగలను. నా మీసానికి దారం కట్టు."

నూకరత్నం వలలోంచి ఒక బెండు తెంపింది. నీటి మీద తేలే తెల్ల బెండు. దానికి పొడుగాటి దారం కట్టింది, రెండో కొస రొయ్య మీసానికి మెత్తగా ముడేసింది.

"అయ్యయ్యో, అంత పెద్దది మళ్ళీ దొరకదు!" అన్నాడు షావుకారు గుండె పట్టుకుని. "పోనీ, దారం గట్టిది కట్టు. తరవాత లాగేద్దాం."

"కనకలింగం," అన్నారు రాజుగారు, "నోరు మూసుకుని నీళ్ళు తోడు." షావుకారు తపేలా అందుకున్నాడు.

రాతిరొయ్య ఎప్పుడూ వెనక్కే ఈదుతుంది. తోకతో నీళ్ళు చరిచి, ఇంటికేసి వెనక్కి దూసుకుపోయింది. అలల మీద తెల్ల బెండు గెంతుతూ పోయింది. బెండు వెనక పడవ. బుల్లిరాజు ముందు నిలబడి వేలు చూపిస్తున్నాడు: "అదుగో! పోయింది! లేదు, అదుగో!" కనిపించినప్పుడల్లా నూకరత్నానికి ఊపిరి వచ్చేది. కనిపించనప్పుడు పోయేది.

అక్కడ గంగులు మాట ఏమిటంటారా? ఏనుగుబండ మీద మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. బుడ్డిలో గాలి అయిపోయింది. ఒడ్డుకు ఈదుదామంటే ఒడ్డు ఎటో తెలియదు. అల వచ్చినప్పుడల్లా మునుగుతున్నాడు, పోగానే తేలుతున్నాడు. 'రత్నం వస్తుంది,' అనుకున్నాడు. 'ఎందుకింకా రాలేదు?' అని కూడా అనుకున్నాడు.

అంతలో ఏదో మెత్తగా వచ్చి చెంపకు తగిలింది. తెల్ల బెండు. తమ వలదే! దారం అతని కాళ్ళ దగ్గరికి దిగుతోంది. ఊపిరి బిగబట్టి వంగాడు, తడిమాడు, ఒక రొయ్య చేతికొచ్చింది, దానితో పైకి లేచాడు. చావు గడ్డం దాకా వచ్చినా చేతికి అలవాటు పోతుందా? తిరగేసి పొట్ట కింద తడిమాడు. గుడ్లు!

"పిచ్చి తల్లీ, నీకు దారం కట్టిందెవరే?" అని పంటితో ముడి కొరికి, బండ సందులోకి వదిలేశాడు.

తలెత్తి చూస్తే వానలోంచి పడవ ముక్కు. దాని వెనక టకటక. దాని వెనక ఒక ఆడమనిషి కేక.

అతన్ని పైకి లాగింది ఎవరనుకున్నారు? ఒక చెయ్యి నూకరత్నానిది, ఒక చెయ్యి రాజుగారిది. కాళ్ళు పట్టి తోసింది బుల్లిరాజు. నూకరత్నం కూజా ఎత్తి మొగుడి నోటికి అందించింది. పుక్కిలించి ఊశాడు. అది చూశాకే ఆవిడకు ఏడుపొచ్చింది.

"నన్ను మరిసిపోయావే రత్నం?" అన్నాడు వణుకుతూ.

"అందరినీ లెక్కెట్టాను మావా," అంది. "నిన్ను లెక్కెట్టలేదు. నా మనిషివే కదా అని."

షావుకారు దగ్గరికి రాలేకపోయాడు. తపేలాతో నీళ్ళు తోడుతూనే ఉన్నాడు, పడవలో నీళ్ళు అయిపోయాక కూడా.

ఒడ్డుకు చేరాక రాజుగారు తన జరీ చెప్పులు విప్పి పలక మీద పెట్టేశారు. ఉత్త కాళ్ళతో ఇసకలో నడిచిపోయారు. ఆ చెప్పులు గంగులు ఏనాడూ తొడగలేదు. "కరుస్తాయే," అనేవాడు. అయినా పడవ కదలబోయే ప్రతిసారీ నూకరత్నం ఆ జతను తెచ్చి పలక మీద పెట్టేది. గంగులు పైకొచ్చి తన చేత్తో తీసేదాకా, లంగరు ఎవరు లాగినా సరే, తిరుగు ప్రయాణానికి ఇంజను ముట్టుకునేది కాదు. అతిథుల చెప్పులన్నీ ఆ జత తరవాతే.

మన కోసం ముందుగా దిగి, అందరి తరవాత ఎక్కేవాణ్ణే లెక్కలో మొదట పెట్టుకోవాలి పిల్లలూ; అతన్ని మరిచిన లెక్క సరిపోయినట్టు కనిపించినా, అది తప్పు లెక్కే.