చేతులమ్మకు ముందు చేతులు చూపాలి

మల్లెలదిన్నె దాటాక జొన్నచేల నడుమ, గట్టు మీద కనిపించే చిన్న గుడే చేతులమ్మ సన్నిధి. అమ్మవారికి కత్తీ లేదు, శూలమూ లేదు. రెండు అరచేతులూ చాచి నిలబడి ఉంటుంది. వరమిస్తోందనుకుని భక్తులు మురిసిపోతారు. కాదు నాయనా! "ఏదీ, నీ చేతులు చూపించు" అని అడుగుతోంది తల్లి.

పూర్వం ఈ చేను ఓబులమ్మ, చెన్నప్ప అనే ఆలుమగలది. చెన్నప్పకు అన్నయిన కాటప్పకు దాని మీద కన్నుపడింది. ఎవరు దున్నితే వారిదే స్వాధీనమనే రోజులవి. కాటప్ప మనుషులను కూడగట్టుకొని పొట్టకొచ్చిన పైరులోకి నాగళ్లు దించాడు. ఆ పాపిష్టివాళ్లకు చేతులెలా వచ్చాయో! అడ్డుపడిన చెన్నప్పను ఈ గట్టు మీదే కొట్టి చంపారు.

శవం ఎదుటే పంచాయితీ కూర్చుంది. "నేను కొట్టలేదు, రెక్కలు పట్టుకున్నానంతే" అన్నాడొకడు. "నేను నాగలి తోలానంతే" అన్నాడింకొకడు. "నేను గట్టు దిగనే లేదు. వెయ్యండ్రా అన్నానంతే" అన్నాడు కాటప్ప, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

"దెబ్బ ఎవరిదో తేలకపోతే ఎవరిని శిక్షించమంటావమ్మా?" అన్నాడు గ్రామపెద్ద నరసప్ప.

ఓబులమ్మ కడుపు మండిపోయింది. "అయితే నా మొగుణ్ణి చంపనివాళ్లంతా వచ్చి ఆయన మీద పిడికెడు మట్టి వెయ్యండి" అంది.

మట్టి వేయడం అయినవాళ్లు చేసే పని. నిర్దోషులమనిపించుకోవాలని కాటప్పా, వాడి మనుషులూ అందరూ ఎగబడ్డారు. మట్టి వదిలిన ప్రతి చెయ్యీ నెత్తురులా ఎర్రబడింది. రెక్కలు పట్టినవాడిదీ, నాగలి తోలినవాడిదీ, ఉసిగొల్పిన కాటప్పదీ ఒకటే ఎరుపు. ఎంత కడిగినా పోలేదు. చివరగా నరసప్ప వేశాడు. ఆయన చేతులూ ఎర్రబడ్డాయి.

"చేలో దిగుతామని, అడ్డొస్తే కొడతామని పొద్దున్నే కాటప్ప నాతో చెప్పాడు. మనకెందుకులే అని ఊరుకున్నాను" అన్నాడు తల దించుకొని.

చేతులు ఎర్రబడినవాళ్లందరినీ ఊరు ఒకే శిక్షతో వెళ్లగొట్టింది. చేను ఓబులమ్మకు దక్కింది. చెన్నప్ప పడిన చోటే అమ్మ వెలసింది.

"నేను కొట్టలేదు" అనే మాట ఈ సన్నిధిలో నేటికీ నిషిద్ధం. మొన్నటికి మొన్న, పొలం గొడవలో మనిషిని చంపి బెయిలు మీద తిరుగుతున్న పెద్దమనుషులు కొందరు, కేసు కొట్టేయాలని బుట్టెడు కొబ్బరికాయలతో దిగారు. పక్కన నిలబడ్డారట, అంతేనట! "కాయలు తర్వాత. ముందు చేతులు చూపండి" అంది పూజారమ్మ. ఒక్కడూ చూపలేదు. చేతులు తువ్వాళ్ల కింద దాచుకొని జీపెక్కారు.

అమ్మ చేలో పండిన జొన్నపేలాలే ఇక్కడి ప్రసాదం. అరచేతులు చాచగలిగిన ప్రతివారికీ పెడతారు.