ఉప్పు లేని పప్పుచారు

ఆ నరసింహస్వామి మిమ్మల్ని చల్లగా చూడాలి, వినండమ్మా! ఒక రాజుగారు వ్యాపారం బాగుపడుతుందని ఊళ్లో మగ్గాలన్నీ విద్యాపీఠం పెత్తనం కింద పెట్టబోయారు. పీఠాధిపతి ఏదంటే పండితులంతా అదే అనడం అక్కడి ఆచారం. పీఠంలో వంటచేసే సూరమ్మది నేతవాళ్ల ఇల్లు. రాజుగారు భోజనానికొచ్చిన రోజున ఆవిడ పప్పుచారులో ఉప్పే వేయలేదు.

రాజుగారి ముందు గొప్పకి పీఠాధిపతి ముందుగా జుర్రి, "అమృతం!" అన్నాడు.

"అమృతం, అమృతం!" అంది భోజనాల బంతంతా.

రాజుగారు నోట పెట్టి మొహం చిట్లించారు. "ఏమమ్మా, ఇందులో ఉప్పేదీ?"

"కావాలనే వేయలేదు మహాప్రభో! చారులో ఉప్పు లేదని చెప్పలేనివాళ్లు, రేపు మా మగ్గాలు మూలపడితే మీతో చెబుతారా?"

రాజుగారు పకపకా నవ్వి, మగ్గాలు నేతవాళ్లకే వదిలేశారు. పీఠంలో మాత్రం ఇకమీదట పెద్దాయన అందరికన్నా చివర మాట్లాడాలన్నారు.

మర్నాడు బంతిలో అందరికన్నా చిన్న పండితుడు మొదట నోరు విప్పాడు. "సూరమ్మా, ఇవాళ ఉప్పెక్కువైంది!"

ఆ తల్లి తృప్తిగా స్వామికి దండం పెట్టుకుంది.