సింహాద్రమ్మ స్కానింగు

డాక్టర్ ప్రణీత స్కానింగు నేర్చుకోవడానికి పెద్ద డాక్టర్ హైమవతి గారి దగ్గర చేరి ఎనిమిది నెలలైంది. చెయ్యి బాగా కుదిరింది. తనంత స్పష్టంగా బొమ్మ తీసేవాళ్లు ఆ విభాగంలో లేరని ఆమెకు తెలుసు.

ఆ ఉదయం పలాస నుంచి సింహాద్రమ్మ వచ్చింది. జీడిపిక్కలు కొట్టుకు బతికే మనిషి. మూడో కాన్పు అయినప్పట్నుంచి, అంటే పద్దెనిమిదేళ్లుగా, విరేచనం సాఫీగా కాదు. గంటలకొద్దీ కూర్చోవాలి. ఇంట్లోవాళ్లు చాదస్తమన్నారు. ఇద్దరు డాక్టర్లు మనసు జబ్బన్నారు. ఈసారి ఎవరికీ చెప్పకుండా ఒక్కతే బస్సెక్కింది.

ప్రణీత స్కానింగు యంత్రం ప్రోబు ఒంటికి ఆనించి, "ముక్కమ్మా" అంది.

సింహాద్రమ్మ కళ్లు మూసుకుంది.

"గట్టిగా!"

తెర మీద ఏదీ కదల్లేదు. నాలుగుసార్లు చెప్పి చూసి, అంతా మామూలేనని రాసి, ప్రణీత కాగితం సంతకానికి పట్టుకెళ్లింది.

"ఆవిడ ముక్కిందా?" అన్నారు హైమవతి గారు.

"ఎంత చెప్పినా ముక్కదు మేడమ్. మనసు జబ్బేనేమో."

హైమవతి గారు లేచి స్కానింగు గదిలోకి నడిచారు. సింహాద్రమ్మ బయట బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. లోపల ఇందాకటిలాగే నలుగురు విద్యార్థులు, ఒక నర్సు. తలుపు ఓరగా తెరిచి ఉంది. అవతల వరండా నిండా జనం.

"ఆ బల్ల మీద పడుకో," అన్నారు ప్రణీతతో.

ప్రణీత నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేసింది. పడుకుంది. ఒంటినిండా బట్టలున్నాయి, నర్సు దుప్పటి కూడా కప్పింది.

"మోకాళ్లు మడువు. ఇప్పుడు ముక్కు."

ఎవరో దగ్గారు. వరండాలో ఫోను మోగింది. ప్రణీత ఊపిరి బిగపట్టింది. ఒంట్లో ఒక్క కండరం కూడా ఆమె మాట వినలేదు.

"గట్టిగా," అన్నారు హైమవతి గారు.

ప్రణీత కళ్లు మూసుకుంది.

లేచాక ఆమే అందర్నీ బయటికి పంపింది. సింహాద్రమ్మను తీసుకొచ్చి తలుపు గడియ వేసింది. ప్రోబు ముట్టుకోకుండా పక్కన కూర్చుంది. చాలాసేపటికి సింహాద్రమ్మే నోరు విప్పింది.

"వేలెట్టి నొక్కుకుంతే గానీ అవ్వదమ్మా. మా ఆయనక్కూడా సెప్పనేదు."

"మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే ముక్కండి," అంది ప్రణీత.

కాసేపటికి సింహాద్రమ్మ ముక్కింది. తెర మీద మలాశయం ముందుగోడ మెల్లగా ఉబ్బి సంచిలా జారింది. ప్రణీత తెరను ఆమె వైపు తిప్పి వేలితో చూపించింది.

"కాన్పులో ఈ గోడ వదులైంది. మలం ఈ సంచిలోకి పోయి ఆగిపోతోంది. దీనికి వైద్యం ఉందమ్మా."

సింహాద్రమ్మ ఆ బూడిదరంగు బొమ్మకేసి చూస్తూ ఉండిపోయింది. "ఉన్నాదమ్మా," అంది చివరికి. "నాను ఉత్తినే అన్నేదు." చప్పుడు కాకుండా ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడవడం ఆమెకు బాగా అలవాటున్నట్టుంది.

ప్రణీత తలుపు తీసింది. గుమ్మానికి అడ్డంగా, అటెండరు స్టూలు మీద హైమవతి గారు కూర్చుని ఉన్నారు. లోపలికి రాబోతున్న ఎవర్నో చెయ్యెత్తి ఆపుతున్నారు.

 

"స్కానింగుకి ఇంకా ఇద్దరున్నారు," అన్నారు ఆవిడ లేవకుండానే. "ఒక్కొక్కర్నీ తీసుకెళ్లు. తలుపు నేను చూసుకుంటాను."