సింగన్న కత్తికి పట్టిన తుప్పు

వినండర్రా. ఏరు మన ఊరి పక్కకు తిరగకముందు మాట ఇది. అప్పుడిక్కడ సింగన్న అని ఒక మంగలి ఉండేవాడు. చెయ్యి మెత్తన, మనసూ మెత్తన. ఒక్కటే బద్ధకం. గడ్డం గీశాక కత్తిని తడితోనే మడిచి తోలు పొదిలో పడేసేవాడు.

పెళ్లాం నరసమ్మ రోజూ పోరేది.

"ఏమయ్యా, తడి తుడిచి, ఆముదం రాసి, పొడిగుడ్డలో చుట్టి పెట్టవయ్యా. తుప్పు పడితే ఎట్లా?"

"రేపు పెడతాలేవే" అనేవాడు సింగన్న.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. పొది నానిపోయింది. సింగన్న రేపు, రేపు అంటూనే ఉన్నాడు.

అలా ఉండగా బుచ్చినాయుడనే రైతు, కూతురి పుట్టువెంట్రుకలు తీయాలి రమ్మని కబురు పెట్టాడు. పోలేరమ్మ గుడి ముందు జనం చేరారు. సింగన్న కత్తి విప్పాడు. అంచు పొడుగునా ఎర్రగా తుప్పు! నూరుకొస్తానంటే నలుగురిలో పరువు పోతుంది. గబగబా పంచెకు రుద్ది గీయడం మొదలుపెట్టాడు.

కత్తి తెగలేదు, పీకింది. బిడ్డ కెవ్వుమంది. నడినెత్తిన తోలు లేచింది. సింగన్న ఇంత పసుపు అద్దేసి, "ఏం లేదమ్మా, చిన్న గాటు" అన్నాడు.

ఆ జనంలో గంగులమ్మ అనే ముసలమ్మ ఉంది. నా అన్నవాళ్లు లేరు. అడవిలో పుల్లలేరి అమ్ముకునేది. ఏడుస్తున్న బిడ్డ బుగ్గ నిమిరి, "నా తల్లి, ఎంత చక్కగా ఉందో" అంది. ఆమె చేసింది అంతే.

తెల్లారేసరికి బిడ్డ నెత్తి వాచింది. చీము పట్టింది. ఒళ్లు కాలిపోతోంది.

"గంగులమ్మ దిష్టి కొట్టింది" అన్నారు ఆడవాళ్లు. సింగన్న అక్కడే ఉన్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. తల వంచుకున్నాడు.

"దిష్టి కాదు, చేతబడి" అన్నారు మగవాళ్లు. సింగన్న నోరు తెరిచాడు. మాట రాలేదు. తల వంచుకున్నాడు.

అందరూ పోయి ముసలమ్మ పాక పీకేశారు. వానలో నిలబడి ఆమె అడిగింది: "నాయనా సింగన్నా, నువ్వక్కడే ఉన్నావు కదా. నేనేం చేశానో నువ్వైనా చెప్పు."

సింగన్న నోరు తెరిచాడు. మాట రాలేదు. తల వంచుకున్నాడు.

గంగులమ్మ మూట పట్టుకుని ఊరు దాటిపోయింది.

ఇంట్లో నరసమ్మ పొది విప్పి కత్తి చూసింది. తిట్టలేదు. కత్తిని మొగుడి ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది సింగన్నకు. ఆ కత్తి పట్టుకుని నేరుగా బుచ్చినాయుడి ఇంటికి వెళ్లాడు.

"అయ్యా, బిడ్డకు తగిలింది ముసలమ్మ కన్ను కాదు, నా కత్తి తుప్పు. తెలిసే గీశాను. సిగ్గుపడి దాచాను. ఏం చేస్తారో చెయ్యండి."

బుచ్చినాయుడు కొట్టబోయి ఆగిపోయాడు. "పాక మొదటి గుంజ పీకింది నేనేరా" అని కూలబడ్డాడు.

ఊరంతా కదిలి వెతికింది. ఒక బండరాయి కింద ముడుచుకుని కనిపించింది గంగులమ్మ. సింగన్న ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"లే నాయనా. చలేస్తోంది, ఇంటికి పోదాం" అంది ఆమె.

ఆమెకు ఇల్లెక్కడుంది? వచ్చినవాళ్లలో ఒక్కరూ తలెత్తలేకపోయారు.

పాక మళ్లీ కట్టారు. బిడ్డకూ నయమైంది. కానీ గంగులమ్మ మరి ఏ బిడ్డనూ ముట్టుకోలేదు. పిల్లలు దగ్గరికొస్తే చేతులు వెనక్కి పెట్టుకునేది. ఆమె పోయేదాకా సింగన్న అది చూస్తూనే బతికాడు. ఏ ఇంటికెళ్లినా ముందు కత్తి విప్పి, ఆ ఇంటి పెద్దామె చేతికిచ్చి చూడమనేవాడు. ఎందుకని అడిగినవాళ్లకు తన తప్పు తనే చెప్పుకునేవాడు. అలా చెప్పుకుంటూనే పోయాడు.

ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ పుట్టువెంట్రుకలు తీసేముందు, అక్కడున్న అందరిలోకీ పెద్ద ముసలమ్మ చేతికి కత్తి ఇస్తారు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "శుభ్రంగా ఉంది, కానీయ్ సింగన్నా" అంటుంది. ఆ మంగలి పేరు ఏదైనా సరే, ఆ పూట అతను సింగన్నే. బిడ్డను మాత్రం తల్లి ఒడిలో కాదు, ఆ ముసలమ్మ ఒడిలోనే కూర్చోబెడతారు.