చిలక పాడిన మూడు సాయంత్రాలు

"మణికేతూ! ఓ మణికేతూ! మేడ దిగి రా నాయనా, అన్నం చల్లారి బిరుసెక్కిపోతోంది!"

దాది పోలమ్మ కింద నుంచి గొంతు చించుకుంటోంది. పైన ఉన్నవాడికి వినపడితేగా! మణికేతుడు పిట్టగోడ మీద గడ్డం ఆనించి, కళ్ళు సముద్రం మీదా, చెవులు సముద్రం అవతలా పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దు వాలింది. తూర్పుగాలి మొదలైంది. ఆ గాలితోపాటే సన్నగా, తేనెతీగలా, ఒక పాట వచ్చింది.

"ఏడు నీళ్ళ కవతల ఎవరైనా ఉన్నారా
పిలిస్తే పలికే మనసొకటి ఉందా
ఉంటే ఒక్కసారి రావా, నా దరికి రావా"

ఎవరీ మణికేతుడు అంటారా? చెబుతా వినండి పిల్లలూ. అనగనగా సముద్రపు ఒడ్డున తరంగపురమనే ఊరు, ఆ ఊరికి ధీరకేతు అనే రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఆఖరివాడు మణికేతుడు. ఏడేళ్ళ వయసులో మొదటిసారి ఆ పాట విన్నాడు. అప్పటినుంచి సాయంత్రమైతే చాలు, మేడ మీదే. ఏడు సముద్రాల అవతల ఎవరో మాంత్రికుడు ఒక రాజకుమారిని బంధించాడనీ, ఆమే అలా పాడుతోందనీ ఊళ్ళో అందరూ అనుకునేవాళ్ళు. మణికేతుడైతే ఆమె కళ్ళెలా ఉంటాయో, జడెంత పొడుగో, తనను చూడగానే మొదట ఏమంటుందో అన్నీ ఊహించుకుని పెట్టుకున్నాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండిన రాకొడుకు ఒక్క కోరిక కోరవచ్చు. రాజు కాదనకూడదు. తీరా వచ్చాక కోరినవాడు వద్దనకూడదు.

పెద్దవాడు జయకేతుడు తెల్ల ఏనుగు కావాలన్నాడు. చిన్నప్పటినుంచీ దాని మీద ఊరేగాలని కలలు కన్నాడు పాపం. తెచ్చారు. ఆ ఏనుగు వచ్చిన రోజే తొండంతో ఎర్రమట్టి తీసి ఒళ్ళంతా చల్లుకుంది. ఏనుగుకు అదే కదా సరదా! ఇప్పుడు జయకేతుడు పొద్దున కడుగుతాడు, మధ్యాహ్నం కడుగుతాడు, సాయంత్రం కడుగుతాడు. అది మళ్ళీ మట్టి చల్లుకుంటుంది.

రెండోవాడు విజయకేతుడు మేఘాల కొండ మీది తేనె కావాలన్నాడు. ఆరు నెలలు పట్టింది తేవడానికి. ఊరంతా చూస్తుండగా వేలు ముంచి నాలిక మీద రాసుకున్నాడు. ఇంకోసారి ముంచి రాసుకున్నాడు. చివరికి మెల్లగా, "మన పెరటి తేనెలాగే ఉందే," అన్నాడు.

మూడోవాడి వంతు వచ్చింది.

"నాకో పడవ కావాలి నాన్నగారూ. ఆ పాట పాడే అమ్మాయిని తెచ్చుకుంటాను."

"ఏడు సముద్రాల అల్లుడుగారికి దారి ఇవ్వండహో!" అన్నాడు జయకేతుడు, చేతిలో పీచు పట్టుకునే.

"నా మాట విను తమ్ముడూ, దూరం నుంచే బాగుంటుంది," అన్నాడు విజయకేతుడు. కానీ పద్దెనిమిదేళ్ళవాడికి అలాంటి మాట ఎక్కుతుందా? ఎక్కదు.

మణికేతుడు బయలుదేరాడు. మొదటి సముద్రం దాటాడు, పాట కాస్త దగ్గరైంది. రెండో సముద్రం దాటాడు, ఇంకాస్త దగ్గరైంది. మూడో సముద్రంలో వలలో చిక్కుకుని కొట్టుకుంటున్న ఒక ముసలి తాబేలు కనపడింది. కత్తితో వల కోసి విడిపించాడు. ఆ తెల్లవారే తుఫానులో పడవ ముక్కలైంది. తాబేలు వచ్చి వీపు చూపించింది.

"ఎక్కు బాబూ. ఎక్కడికి?"

"పాట వచ్చే చోటికి, తాతా."

"ఏం పాటో ఏమో! మీ మనుషులకు దూరానున్నవే వినపడతాయి. పక్కన నేను రాత్రంతా కాపాడమని మొత్తుకుంటే ఒక్క ఓడవాడికీ వినపడలేదు," అని సణుక్కుంటూనే నాలుగో సముద్రం దాటించింది, అయిదోది దాటించింది, ఆరోది దాటించింది. ఏడో సముద్రంలో పాట ఎంత దగ్గరైందంటే, మణికేతుడికి కళ్ళవెంట నీళ్ళు ఆగలేదు.

ఆ దీవిలో ఒకటే ఇల్లు. దానికి తలుపులున్నాయి గాని అన్నీ బార్లా తీసే ఉన్నాయి. వసారాలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా నల్లరాయి. పైన మనిషి.

"ఎవరు మీరు?" అంది ఆమె. గొంతు బొంగురు. రోట్లో పచ్చడి బండ తిప్పినట్టుంది.

"తరంగపురం రాకుమారుణ్ణి, మణికేతుణ్ణి. మిమ్మల్ని విడిపించడానికి వచ్చాను."

ఆమె అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. ఎండకు ముక్కు తోలు ఊడిపోయి ఉంది. చొక్కా నిండా నాచు.

"తాబేలు మీదనా?" అంది. "గుర్రం లేదూ? పోనీలెండి, వచ్చారు, అదే పదివేలు. ఇంకాస్త పొడుగుంటారనుకున్నాను."

మణికేతుడికి అవేవీ తలకెక్కలేదు. "ఒక్కసారి పాడండి రాకుమారీ. పదకొండేళ్ళుగా మీ పాట కోసమే బతికాను."

ఆమె ఫక్కున నవ్వింది. "నేనా? నేను పాడితే పాలు విరుగుతాయని మా అమ్మ అనేది. పాడేది చిలకండీ బాబూ. మేడ మీద పంజరంలో ఉంది."

ఆ అమ్మాయి పేరు వకుళమాల. సువర్ణవాడ రాజు కూతురు. ఆమె చెప్పిన సంగతి ఇది. జటామాలి అనే మాంత్రికుడు చావుకు భయపడి, తన ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి చిలకలో దాచుకున్నాడు. ప్రాణంతోపాటు అతని గొంతూ వెళ్ళిపోయింది. ఇప్పుడతను మూగవాడు, చెయ్యి తిప్పి సైగలు చేస్తాడంతే. చిలక మాత్రం రోజూ పొద్దువాలగానే అతని చిన్ననాటి సన్నని గొంతుతో పాడుతుంది. ఆ పాట మెచ్చుకోవడానికి పక్కన ఒక రాజకుమారి ఉంటే తన కల పండుతుందని ఆమెను ఎత్తుకొచ్చాడు. రోజూ పాట అయ్యాక ఆమె వైపు ఆశగా చూస్తాడు. పన్నెండేళ్ళుగా ఆమె ఒక్కసారీ మెచ్చుకోలేదు. విసిగిపోయి మొన్ననే చేతి సైగతో మంత్రం వేశాడు. మెచ్చుకునేదాకా సాయంత్రానికి జానెడు చొప్పున రాయవుతుంది.

"బాగుందని ఒక్క మాట అంటే పోయేదిగా!"

"నాకు బాగాలేదే! తన ప్రాణం తీసి బయట పెట్టుకుని అది ఏడుస్తుంటే వింటాడు. నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అబద్ధమాడి కాళ్ళు తెచ్చుకోవడం కన్నా రాయవడమే నయం," అంది వకుళమాల. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ చిలక మెడ విరిస్తే వాడూ పోతాడు, ఈ రాయీ పోతుంది. పగలంతా వాడు అవతలి గుహలో జపంలో ఉంటాడు, ఆ జపబలంతో పొద్దు వాలే వేళదాకా పంజరం తెరుచుకోదు. పాట మొదలయ్యాక కాసేపటికిగాని రాడు. ఆ కాసేపే మీకున్నది."

మొదటి సాయంత్రం మణికేతుడు మేడెక్కాడు. పంజరం తీశాడు. చిలకను చేతిలోకి తీసుకున్నాడు. గుప్పెడంత ఉంది, వెచ్చగా ఉంది. అది నోరు తెరిచి పాడింది.

అయ్యో పిల్లలూ, ఏం చెప్పను! పదకొండేళ్ళు గాలిలో తెగిపోతూ తెగిపోతూ వచ్చిన పాట ఇప్పుడు అరచేతిలో ఉంది. ఒక్క చరణం విని మెడ విరుద్దామనుకున్నాడు. ఒక్కటి రెండైంది, రెండు మూడైంది. మెట్ల మీద పాంకోళ్ళ చప్పుడైంది. చిలకను పంజరంలో పెట్టేసి కిటికీలోంచి దూకేశాడు.

"ఏమైంది?" అంది వకుళమాల. రాయి తొడల దాకా వచ్చింది.

"పాము... పంజరానికి పాము చుట్టుకుని ఉంది," అన్నాడు.

రెండో సాయంత్రమూ అంతే. మేడెక్కాడు, చిలకను తీశాడు, అది పాడింది, అతను విన్నాడు, పాంకోళ్ళు చప్పుడయ్యాయి. రాయి నడుం దాకా వచ్చింది.

"తలుపుకు తాళం వేసి ఉంది," అన్నాడు.

ఆమె అతని మొహం వైపు చూసింది. "రేపు కాస్త తొందరగా వెళ్ళండి. రాయి చల్లగా ఉంటుంది, ఊపిరి బరువుగా ఉంది," అని మాత్రం అంది.

మూడో సాయంత్రం మణికేతుడు పొద్దు ఉండగానే వెళ్ళాడు. చిలకను చేతిలో పట్టుకుని, ఈసారి పాట మొదలుకాక ముందే, అనుకున్నాడు. అది మొదలైంది. వేళ్ళు కదల్లేదు. పాంకోళ్ళు వినపడ్డాయి. చిలకను లోపల పెట్టి, కిటికీ దాకా వెళ్ళే వేళ లేక స్తంభం చాటున నక్కాడు.

జటామాలి వచ్చాడు. కోరలూ కొమ్ములూ ఉంటాయనుకుంటున్నారా? ఒంగిపోయిన ముసలివాడు. పంజరం ముందు చతికిలబడ్డాడు. చిలక పాడుతుంటే పెదవులు కదుపుతున్నాడు, చప్పుడు లేకుండా. గడ్డం మీదికి కన్నీళ్ళు కారుతున్నాయి. కింద ఒక అమ్మాయి రాయైపోతోందని అతనికి ధ్యాసే లేదు.

మణికేతుడికి ఆ ముసలివాడిలో తనే కనపడ్డాడు. కళ్ళు అవే, చెవులు అవే.

స్తంభం చాటునుంచి ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "అయ్యా, ఇలాంటి పాట నేనెక్కడా వినలేదు. దీనికోసం ఏడు సముద్రాలు దాటి వచ్చాను."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే మాంత్రికుడు నమ్మాడు. ముసలి మొహం చిన్నపిల్లవాడి మొహమైపోయింది. ఎన్నేళ్ళ ఆకలి అది! గబగబా మణికేతుడి చెయ్యి పట్టుకుని పంజరం దగ్గరికి లాక్కెళ్ళాడు. ఇంకా దగ్గరగా విను, ఇంకా దగ్గరగా, అని సైగ చేస్తూ, తనే చిలకను తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"ఉంటే ఒక్కసారి రావా, నా దరికి..."

మణికేతుడు కళ్ళు మూసుకుని మెడ విరిచాడు.

ఆ ఆఖరి మాట పూర్తికాలేదు. మాంత్రికుడు దీపం ఆరినట్టు ఒరిగిపోయాడు. కింద రాయి పెటపెటమని పగిలిన చప్పుడు, వెంటనే ఎవరో ఇల్లంతా పరుగెత్తుతున్న చప్పుడు. మణికేతుడు మాత్రం గుప్పిట్లో చల్లబడుతున్న ఈకలు పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు.

తిరుగు ప్రయాణం తాబేలు మీదే. వకుళమాల నోరు ఆగితే ఒట్టు. మొదటి రోజు పెరుగన్నంలో పచ్చిమిరపకాయ నంజుకోవడం గురించి పూటంతా మాట్లాడింది. నిద్రలో గురక పెట్టింది. "మీరు మీరు" అనుకోవడం మొదటి సముద్రంలోనే మునిగిపోయి "నువ్వు నువ్వు"లోకి దిగారు. సాయంత్రమైతే మణికేతుడు అలవాటుగా గాలికి చెవి పెట్టేవాడు. గాలిలో ఉప్పు తప్ప ఏమీ ఉండేది కాదు. తాబేలు ఒకసారి, "వింటున్నావా బాబూ, నా పొట్ట కాలుతోంది," అంటే ఉలిక్కిపడి, నవ్వి, నాచు తెంపి పెట్టాడు. అయిదో సముద్రం వచ్చేసరికి వకుళమాల ఒక పూట మాట్లాడకుండా కూర్చుంటే, "ఏం, ఒంట్లో బాగాలేదా?" అని తనే అడిగాడు.

తరంగపురం చేరారు. సువర్ణవాడ రాజుకు కబురు వెళ్ళింది, ఆయన పరుగున వచ్చాడు. పెళ్ళి నిశ్చయమైంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు చల్లగా సువర్ణవాడను ఏలారు. ముగ్గురు పిల్లలు పుట్టారు, నెలకు మూడు వానలు కురిశాయి, ఎవరింటా పొయ్యి ఆరలేదు. ఈ సంతోషమంతా ముందే చెప్పేస్తున్నానేమంటే, ఆఖరున చెప్పాల్సింది ఇంకొకటుంది. అది పెళ్ళిపీటల మీద జరిగింది.

మేళాలు మోగుతున్నాయి. పెళ్ళికొడుకుకూ పెళ్ళికూతురుకూ నడుమ తెర పట్టారు. ఇద్దరి చేతుల్లోనూ జీలకర్ర బెల్లం ఉంది. ముహూర్తానికి ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయని పురోహితుడు పంచాంగంలోకి తల దూర్చాడు. అప్పుడు తెర అవతలనుంచి ఆ బొంగురు గొంతు, మేళాల సందున, అతనికొక్కడికే వినపడేలా పలికింది.

"మణికేతూ, ఒక నిజం చెప్పనా? పన్నెండేళ్ళు నేను ఎదురుచూసినవాడివి నువ్వు కాదు. వాడు పొడుగ్గా ఉండేవాడు, గుర్రం మీద వచ్చేవాడు, వచ్చిన రోజే నన్ను విడిపించేవాడు. నువ్వు వచ్చినప్పుడు నాకు ఏడుపొచ్చింది. కనపడనివ్వలేదు."

మణికేతుడు తలవంచుకున్నాడు.

"ఇప్పుడు నీ వంతు," అంది ఆమె. "ఆ ఇంట్లో పన్నెండేళ్ళున్నాను. ఒక్క తలుపుకూ తాళమన్నది లేదు. పామన్నది ఆ దీవిలోనే లేదు. నాకన్నీ తెలుసు. కానీ నీ నోట వినకుండా ఇది నీ తల మీద పెట్టలేను. అబద్ధంతో కాళ్ళే తెచ్చుకోలేదు, మొగుణ్ణి తెచ్చుకుంటానా?"

తెర సన్నగా కదులుతోంది. బెల్లం అతని వేళ్ళ మధ్య కరిగి మణికట్టు మీదికి జారుతోంది. పురోహితుడు తలెత్తాడు. మణికేతుడు తెరకు దగ్గరగా వంగాడు. ఇక మేళాలను మించి, అన్నలు వింటున్నా, ఊరంతా వింటున్నా లెక్కచెయ్యకుండా, పైకే అన్నాడు.

"పాము లేదు వకుళా. తాళమూ లేదు. మూడు సాయంత్రాలూ చిలక నా చేతిలోనే ఉంది. కింద నువ్వు రాయవుతున్నావని తెలుసు. తెలిసే విన్నాను. నేను వచ్చింది నీ కోసం కాదు, ఆ పాట కోసం."