కదిలిన గడ్డం

తుమ్మలగిరి అని ఒక రాజ్యం ఉండేదట. అక్కడ కోట తలుపులు కూడా సరిగ్గా మూసుకునేవి కావు. ఎందుకంటే, శిష్యరికం ముగించి పరీక్ష గట్టెక్కిన వడ్రంగి ఆ రాజ్యంలో ఒక్కడూ లేడు.

ఏ పనికైనా పరీక్ష పెట్టేది అరిభీకర మహారాజే. కుమ్మరి శిష్యుడు సారె మీద కుండ చేస్తుంటే అందులో వేలు పెట్టి, "వంకర" అన్నారు. సాలె శిష్యుడి మగ్గం మీద దారం లాగి, "వదులు" అన్నారు. తప్పినవాడు మళ్ళీ మొదటినుంచి శిష్యరికం చెయ్యాలి. అందుకే అక్కడ శిష్యులకే గడ్డాలు నెరిశాయి.

ఆ ఏడు ఓబులు వంతు వచ్చింది. మేనమామ దగ్గర క్షౌరం నేర్చుకున్నాడు. రాజుగారికి గడ్డం గీసేది ఆ మామే. చేతులు వణకడంతో కొలువు మానుకుంటున్నాడు. ఓబులు నెగ్గితే ఆ కొలువు వాడిది. కానీ పరీక్ష రాజుగారి గడ్డం మీదే. నెత్తురు చుక్క కనబడిందా, వాడు రాజ్యం పొలిమేర దాటాల్సిందే.

ఓబులు తల్లి తిప్పమ్మ. కొలువులో రాజుగారికి తాంబూలం అందించే మనిషి. పరీక్ష మాట విన్నప్పటినుంచి ఆవిడకు ముద్ద దిగడం లేదు.

ఓబులు బూడిదగుమ్మడికాయ మీద అభ్యాసం చేసేవాడు. తొక్కకు గీత పడకుండా పైనున్న తెల్ల బూడిద మాత్రం గీకాలి.

"చూడమ్మా, ఒక్క గీత లేదు."

"గుమ్మడికాయ కదలదురా. ఆయన కదులుతారు."

"కావాలనా?"

"మరి? ఆయనకు పరీక్ష అంటే అదే."

తిప్పమ్మ కాయను చటుక్కున తోసింది. కత్తి దిగింది. ఇద్దరూ ఆ గాటు వైపు చూస్తూ కూర్చున్నారు.

"ఇంకోటి తెస్తాను," అన్నాడు ఓబులు.

తెచ్చాడు. ఆవిడ తోసింది. ఇక ఆ ఇంట్లో రోజూ గుమ్మడికాయ కూరే.

పరీక్ష నాడు సభ నిండింది. పొరుగు రాజు రాయబారి ముందు వరసలో కూర్చున్నాడు. రాజుగారి క్షౌరం జరుగుతుంటే వందిమాగధులు బిరుదులు చదవడం అక్కడి ఆనవాయితీ. ఆయనకు బాగా ఇష్టమైన బిరుదు, 'ఏ కత్తికీ తెగని వజ్రదేహుడు'. యుద్ధంలో ఆయన ఏనుగు ఎప్పుడూ వెనక వరస దాటి రాలేదు. అది వేరే సంగతి.

ఓబులు ఒక చెంప నున్నగా గీశాడు. రెండోదీ గీశాడు. గడ్డం కిందికి వచ్చాడు. రాజుగారు తల విదిలించారు.

తెల్లటి తువ్వాలు మీద ఎర్రటి చుక్క.

"నెత్తురు," అన్నారు రాజుగారు తృప్తిగా. "తప్పాడు."

ఓబులు కత్తి కింద పెట్టేశాడు. తిప్పమ్మ తాంబూలం పళ్ళెంతో ముందుకు వచ్చింది.

"నెత్తురా? ఎవరిది ప్రభూ?"

"నాదే. కళ్ళు కనబడటం లేదా?"

తిప్పమ్మ వందిమాగధుల వైపు తిరిగింది. "అన్నలారా, ఆ వజ్రదేహం బిరుదు ఇక ఆపండి. కోట గుమ్మం మీద చెక్కించింది కూడా తీయించాలి. మంగలికత్తికే తెగిందట."

రాయబారి ముందుకు వంగాడు. "ఈ కబురు మా ప్రభువులకు చెప్పవచ్చా?"

రాజుగారు తువ్వాలు వైపు చూశారు. రాయబారి వైపు చూశారు.

"తాంబూలం మరక అనుకుంటాను," అన్నారు.

"నేనూ అదే అనుకున్నాను ప్రభూ," అంది తిప్పమ్మ.

పక్కనే ఉన్న మంత్రి గొణిగాడు. "ఏలినవారు పొద్దుటినుంచి తాంబూలమే వేసుకోలేదే."

"ఆలస్యం చేశాను, నాదే తప్పు," అంటూ తిప్పమ్మ ఆకు చుట్టి రాజుగారి నోట్లో పెట్టేసింది.

రాజుగారికి ముందు కోపం వచ్చింది. తరవాత నవ్వు వచ్చింది. నోటినిండా తాంబూలంతో నవ్వేసరికి తువ్వాలంతా ఎర్రబడింది. మొదటి చుక్క ఏదో ఇక ఎవరికీ తెలియలేదు.

"ఓబులు నెగ్గాడు," అన్నారు మూతి తుడుచుకుని. మెడలో హారం తీసి తిప్పమ్మకిచ్చారు. "ఇంకేం కావాలో అడుగు."

"పరీక్షలప్పుడు ఏలినవారు చేతులు కట్టుకుని కూర్చోవాలి. అంతే."

ఆ ఏడు కుమ్మరి నెగ్గాడు. సాలె నెగ్గాడు. వడ్రంగి నెగ్గాక కోట తలుపు మూతపడింది. ఇక రాజుగారు గడ్డం గీయించుకునేటప్పుడు ఊపిరి కూడా ఆచితూచి పీల్చేవారట.

"ఎలా ఉన్నార్రా ఇవాళ?" అని తిప్పమ్మ అడిగేది.

"గుమ్మడికాయ కన్నా నయమమ్మా," అనేవాడు ఓబులు.