చెవి కొస తెగనివాళ్ళు

గోరింకలంకలో తెలివంటూ ఎక్కడైనా ఉందంటే అది పేర్రాజు ఇంట్లోనే ఉంది. ఈ మాట నాది కాదు, పేర్రాజుది. అతని తమ్ముళ్ళు తాతబ్బులు, బుల్లబ్బాయి కూడా అదే అనేవారు. ముగ్గురు సాక్షులున్నాక ఇంక కాదనేదెవరు? వాళ్ళ దృష్టిలో తెలివంటే ఒక్కటే, చెప్పిన మాట చెప్పినట్టు పొల్లుపోకుండా చెయ్యడం.

"ఊళ్ళో జనం వినేదొకటి, చేసేదొకటీనండీ. మా ఇంట్లో ఆ గొడవ లేదండీ, ఆయ్!" అని రేవులో పడవెక్కే ప్రతివాడినీ ఆపి మరీ చెప్పేవాడు పేర్రాజు.

ఆ ముగ్గురినీ పెంచిన మేనత్త మాణిక్యం మాత్రం ఈ తెలివితో రోజూ చస్తూ బతికేది. ఆవిడకి రెండు గేదెలు. పాలు కాచి, కోవా చేసి అవతలి రేవుకి పంపేది. ఒకరోజు కాచిన పాలు చల్లార్చి, "ఒరేయ్, పిల్లులొస్తాయి, గుమ్మం చూస్తూ ఉండండి. గేదెలకి గడ్డేసి వస్తా" అని వెళ్ళింది. అంతే. ముగ్గురూ గుమ్మం ముందు చతికిలబడి రెప్ప వెయ్యకుండా గుమ్మాన్ని చూశారు. ఇంకేముంది, పిల్లులు కిటికీలోంచి దిగాయి, పాలు తాగాయి, మూతులు నాక్కున్నాయి, మళ్ళీ కిటికీలోంచే వెళ్ళిపోయాయి.

"గుమ్మం చూడమన్నావు గాని, పాలు చూడమన్నావా అత్తా?" అన్నాడు పేర్రాజు.

"కావాలంటే గుమ్మం చూసుకో, చెక్కుచెదరలేదు" అన్నాడు తాతబ్బులు.

గోరింకలంక నది నడిమధ్య ఉన్న దీవి. మూడేళ్ళ కిందట వరదొచ్చినప్పుడు మాణిక్యం, "గట్టు మీదికి పొండిరా!" అని అరిచింది. మేనల్లుళ్ళు పోయారు. ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళమని ఎవరూ చెప్పలేదు కాబట్టి తీసుకెళ్ళలేదు. మూడు రోజులు ఆవిడ అటక మీద ఒంటరిగా వణుకుతూ కూర్చుంది. ఆ మూడు రోజులూ ఆవిడ ఒళ్ళో ముడుచుకుని ఉన్నది గడ్డిమేటు మీద కొట్టుకొచ్చిన ఒక ఆడపిల్లి. నుదుటి మీద మూడు చారలుంటే నామాలు అని పేరు పెట్టుకుంది. ఆ పిల్లి అంటే ఆవిడకి ప్రాణం.

ఆ తర్వాత పడవల్లో ఇంకో రెండు మూడు పిల్లులు దిగాయి. అవి పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలు పిల్లల్ని పెట్టాయి. చూస్తూ ఉండగానే ఇరవై దాకా అయ్యాయి. ఊళ్ళో ఉట్టి మీద కూర లేదు, ఎండేసిన చేప లేదు. పంచాయతీ ప్రెసిడెంటు దొరబాబు మీసం దువ్వి, "గోనెల గంగన్నని పిలిపిస్తున్నా. అన్నింటినీ కట్టి అవతల వదిలేస్తాడు" అని చెప్పేశాడు. మాణిక్యం కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ పడవెక్కి, అవతలి రేవులో పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. తెలివైన మేనల్లుళ్ళు తోడు వెళ్ళారు. వద్దన్నా వెళ్ళారు.

డాక్టరు సుకన్య ఓపికగా విని చెప్పింది. "తరిమేస్తే లాభం లేదండీ. తిండి దొరికే చోటికి మళ్ళీ కొత్తవి వస్తాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పంపిస్తాను. రోజూ ఒకే చోట, ఒకే వేళకి తిండి పెట్టి, తినగానే గిన్నె తీసెయ్యండి. ఊళ్ళో ఎలకలు పెరగవు, పిల్లులూ పెరగవు."

తర్వాత బోనులు అప్పజెబుతూ అన్నదమ్ములకి చెప్పింది. "లోపల చేప పెట్టి దూరంగా కూర్చోండి. పిల్లి పడేదాకా నోరు విప్పకండి. మత్తులో ఉండగా చెవి కొస రవ్వంత కత్తిరిస్తాం, నొప్పి తెలీదు. ఆపరేషన్ అయిందనడానికి అదే గుర్తు. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఎక్కడ పట్టుకున్నారో సరిగ్గా అక్కడే వదలాలి. ఇంకోచోట వదిలితే బెంగపడి చచ్చిపోతాయి."

"తు.చ. తప్పం డాక్టరమ్మా!" అన్నారు ముగ్గురూ.

దొరబాబు కూడా ఒప్పుకున్నాడు గాని, ప్రెసిడెంటన్నాక ఒప్పుకోవడంలో కూడా దర్జా ఉండాలి కదా. అందరి ముందూ చెయ్యెత్తి చాటాడు. "ఆదివారం నేనే వచ్చి చూస్తాను. ఆ రోజు చెవి కొస తెగనిది మాణిక్యం ఇంట్లో ఏది కనబడినా గంగన్న గోనెలో వేసుకుపోతాడు. ఏదైనా సరే!"

పేర్రాజు ఆ మాట మూడుసార్లు నెమరేసుకుని బుర్రలో భద్రం చేసుకున్నాడు.

బుధవారం పెరట్లో బోను పెట్టారు. మోసుకొచ్చేటప్పుడు తలుపు టపటప కొట్టుకోకుండా పైకెత్తి తాడుతో కట్టారు. ఆ తాడు విప్పలేదు. మొదటి పిల్లి లోపలికెళ్ళింది, చేప తింది, బయటికొచ్చింది. రెండోది వెళ్ళింది, వచ్చింది. తాడు ముగ్గురికీ కనబడుతూనే ఉంది. కానీ పిల్లి పడేదాకా నోరు విప్పకూడదు కదా! తాతబ్బులు అన్న వైపు చూసి కళ్ళెగరేశాడు. అన్న తమ్ముడి వైపు చూసి కళ్ళురిమాడు. బుల్లబ్బాయికి తుమ్ము వస్తే నోరు మూసుకుని తుమ్మి, చెవులు గింగురుమని పడిపోయాడు. మధ్యాహ్నానికి బుట్టెడు చేపలు ఖాళీ.

మాణిక్యం వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "తాడు కట్టి ఉందని ఒక్కడికీ చెప్పాలనిపించలేదురా?"

ముగ్గురూ పెదవుల మీద వేలు పెట్టుకుని ఆవిణ్ణి కసిరినట్టు చూశారు. ఇంకా పిల్లి పడలేదు మరి.

తాడు ఆవిడే విప్పింది, బోనులు ఆవిడే సర్దింది. సాయంత్రానికి బోనులు నిండాయి. మచ్చికైన వాటిని రెండింటిని గురువారం అన్నదమ్ములు చేత్తో పట్టుకొచ్చారు. ఒకటి మధ్యాహ్నం నిద్రపోతున్న పక్కింటి సూరమ్మ పొట్ట మీద దొరికింది. ఇంకోటి దొరబాబు కంచంలో చేప ముక్క లాగుతూ దొరికింది. నామాలు ఒక్కటే కనబడలేదు. మాణిక్యం పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది. చివరికి బోనులెక్కించుకుని ఆసుపత్రికి బయల్దేరిన పడవ నది మధ్యకి వచ్చాక, చెక్క కింద నుంచి సన్నగా 'మ్యావ్' అని వినబడింది. ఆవిణ్ణి వదల్లేక ముందే వచ్చి కూర్చుంది, పిచ్చి ముండ! మాణిక్యం దాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చింది. పేర్రాజు మాత్రం చుట్టూ నీళ్ళు చూసి, "నామాలుని పట్టింది నది మధ్య" అని గుర్తుపెట్టుకున్నాడు.

ఆపరేషన్లన్నీ చక్కగా జరిగాయి. రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచి, శనివారం అప్పజెప్పింది డాక్టరమ్మ. అన్నదమ్ములు మొదటి పడవలో అత్తనీ, బోనుల్లో పిల్లుల్నీ ఇంటికి చేర్చారు. చేత్తో పట్టిన రెండింటినీ, నామాలునీ మాత్రం వేరుగా ఉంచుకున్నారు. ఎందుకంటే వాటి చోట్లు వేరు.

సూరమ్మ అప్పుడే కునుకు తీస్తోంది. పొట్ట మీద పిల్లిని పెట్టారు. సూరమ్మ కెవ్వుమని లేచింది. "లేస్తే ఎలాగమ్మా, మొన్న పడుకునే ఉన్నావు కదా!" అని తాతబ్బులు, బుల్లబ్బాయి ఆవిణ్ణి మళ్ళీ మంచం మీద పడుకోబెట్టారు. అక్కణ్ణించి దొరబాబు ఇంటికి. ఆయన అప్పుడే మొదటి ముద్ద కలిపాడు. పేర్రాజు వంగి నమస్కారం చేసి, పిల్లిని కంచంలో దించాడు.

"ఏంట్రా ఇది!" అని గావుకేక పెట్టాడు దొరబాబు.

"మొన్న చేపల పులుసండీ, ఇవాళ వంకాయండీ. కూర మారింది గాని చోటు అదేనండీ."

ఇంక మిగిలింది నామాలు. అన్నదమ్ములు పడవ తీశారు. సరిగ్గా నది మధ్యకి వెళ్ళి, లంగరు వేసి, పిల్లిని చెక్క కింద కూర్చోబెట్టారు. పడవలో పట్టుకున్నారు కాబట్టి పడవ కూడా అక్కడే ఉండాలి కదా. అంతే, ముగ్గురూ నీళ్ళలో దూకి ఈదుకుంటూ వచ్చేశారు.

"నామాలేదిరా?" అంది మాణిక్యం.

బట్టలు పిండుకుంటూ చెయ్యి చాచి చూపించాడు పేర్రాజు. దూరంగా నీళ్ళ మధ్య పడవ, పడవ అంచున చారల మొహం. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మాణిక్యం రేవులో కూలబడి గుండెలు బాదుకుంది. పడవవాడు పల్లయ్య తిట్టుకుంటూ ఈదుకెళ్ళి, తన పడవనీ ఆవిడ పిల్లినీ తెచ్చాడు కాబట్టి సరిపోయింది.

ఆదివారం రానే వచ్చింది. దొరబాబు, వెనకాల గోనెలతో గంగన్న, ఇంట్లో అడుగుపెట్టారు. మాణిక్యం ఒళ్ళో నామాలుని పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఆయన ఒక్కో పిల్లి చెవీ చూశాడు. చివరికి నామాలు చెవి కూడా చూశాడు. అన్నింటికీ కొస తెగే ఉంది.

"సరే, ఇంక వీటి జోలికి రాం" అన్నాడు. మాణిక్యానికి అప్పుడు ఊపిరి వచ్చింది. గంగన్న ఖాళీ గోనెలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఒక్క నిమిషమండీ!" అన్నాడు పేర్రాజు. "చెవి కొస తెగనిది ఏది కనబడినా అన్నారండీ. మరి మావి చూశారా?"

ముగ్గురూ వరసగా నిలబడి చెవులు చూపించారు. ఆరు చెవులూ నిక్షేపంలా ఉన్నాయి. దొరబాబు తెల్లబోయాడు. "మిమ్మల్ని కాదురా" అనబోయాడు, కానీ అందరి ముందూ 'ఏదైనా సరే' అన్నది తనే. ఇంతలో పేర్రాజు ఆయన చెవుల వైపు కూడా పరీక్షగా చూడడం మొదలెట్టాడు. ఇంకేముంది, ప్రెసిడెంటుగారు ఒక్క గెంతులో గుమ్మం అవతల పడ్డారు. "నేను ఇంట్లో లేను! మాటంటే మాటే, కట్టరా గంగన్నా!" అని బయటి నుంచే అరిచారు. గంగన్న కూడా తన చెవులు మూసుకునే బయటికి నడిచాడు.

ముగ్గురూ గోనెల్లోకి దిగారు. "అత్తా, మూతి గట్టిగా కట్టు, ఊడిపోతే మాట పోతుంది" అన్నాడు తాతబ్బులు. మాణిక్యం కొంగు తన చెవుల మీదికి లాక్కుని నామాలు వైపు చూసింది, మేనల్లుళ్ళ వైపు చూసింది. అటక మీద మూడు రోజులు గుర్తొచ్చాయి కాబోలు, మూడు ముళ్ళూ వేసింది.

గంగన్న వాళ్ళని అవతలి రేవులో దించి, మూతులు విప్పి తన దారిన పోయాడు. సోమవారమైనా వాళ్ళు రాలేదు. డాక్టరమ్మ ఆసుపత్రికి వస్తూ చూస్తే, ముగ్గురూ గోనెల్లోంచి తలలు బయట పెట్టి కూర్చుని ఉన్నారు.

"ఇంటికి పోరేమయ్యా?"

"పట్టుకున్న చోటే వదలాలన్నారు కదండీ. మా అంతట మేం నడిచిపోతే వదిలినట్టెలా అవుద్దండీ?"

"అది పిల్లులకి చెప్పానయ్యా!"

"పిల్లులకి చెప్పలేదండీ, మాకే చెప్పారండీ. పిల్లులు అప్పటికి బోనులో కూడా పడలేదండీ."

డాక్టరమ్మ మాణిక్యానికి కబురు పంపింది. నాలుగు రోజులు మాణిక్యం మధ్యాహ్నం ఒకే వేళకి పడవ మీద వచ్చి, ఒకే చోట అన్నం పెట్టి, తినగానే గిన్నె తీసుకుపోయింది. అన్నదమ్ములు కూడా ఎప్పుడూ లేనంత బుద్ధిగా తిన్నారు. ఐదో రోజు ఆవిడకే జాలేసింది. పల్లయ్యని బతిమాలి మూడు గోనెలూ మోయించి, ఇంట్లో పట్టుకున్న చోటే వరసగా దించి, మూతులు విప్పింది. పిల్లులన్నీ అరుగు మీద కూర్చుని, కొస తెగిన చెవులు నిక్కించి చూస్తున్నాయి.

పేర్రాజు హమ్మయ్య అని బయటికొచ్చాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. ఎందుకో చెవి తడుముకున్నాడు. తమ్ముళ్ళు కూడా తడుముకున్నారు.

"అత్తా, ఇంకా తెగలేదే!" అన్నాడు పేర్రాజు. అంతే, ముగ్గురూ మళ్ళీ గోనెల్లోకి దిగారు.

మాణిక్యం కాళ్ళకి చుట్టుకుంటున్న నామాలుని పక్కకి జరిపి, గూట్లో కత్తెర వెతకసాగింది. ఆ చప్పుడు విని గోనెలోంచి బుల్లబ్బాయి, "అత్తా, మత్తిచ్చాకే కత్తిరించాలన్నారు డాక్టరమ్మ!" అని కేకేశాడు.

"మీకు పుట్టుకతోనే ఇచ్చార్రా" అంది మాణిక్యం.

"అయితే సరే" అని ముగ్గురూ గోనెల్లోంచి తలలు బయటపెట్టి, చెవులు ముందుకి వంచారు.